కిటికీ కమ్మి వదలని చెయ్యి

మగ్గం వర్క్ చేసేవాళ్లకి రెండు చేతులూ కావాలి. బట్ట పైన కుడిచెయ్యి సూది నడుపుతుంటే, కింద ఎడమచెయ్యి దారం అందిస్తూ ఉండాలి. 2022 వేసవిలో నా కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. అది పెళ్లిళ్ల సీజను. పదకొండు బ్లౌజులకి అడ్వాన్సులు తీసుకున్నాను, ఆ డబ్బు అప్పటికే ఖర్చయిపోయింది. జడ వేసుకోవడానికి కూడా పక్కింటి అమ్మాయిని పిలవాల్సి వచ్చేది.

ఎముకల డాక్టరు చూసి ఫ్రోజెన్ షోల్డర్ అన్నాడు. షుగర్ టెస్టు, థైరాయిడ్ టెస్టు చేయించాడు, రెండూ లేవు. ఫిజియోథెరపీకి పొమ్మన్నాడు. అప్పటికే నాకు వేరే బాధలు కూడా ఉన్నాయి. రాత్రి రెండు, రెండున్నర మధ్య మెలకువ వచ్చేది. నిద్రలో పళ్లు కొరికి కొరికి పొద్దున్నే దవడ నొప్పి. మేడ మీద ట్యాంకు నిండి నీళ్లు పొర్లే చప్పుడైతే చాలు, కాళ్లలో సత్తువ పోయేది. ఇవన్నీ దేనికది వేరే జబ్బు అనుకుని ఒక్కోదానికి ఒక్కో డాక్టరు దగ్గరికి తిరిగాను. గ్యాస్ మాత్రలు కూడా మింగాను.

ఆ ముడి మొదట పట్టుకుంది ఫిజియోథెరపీ అబ్బాయి. నాలుగో రోజో ఐదో రోజో నా మోచెయ్యి పట్టుకుని ఆగిపోయాడు. "అక్కా, నేను చెయ్యి పట్టుకోగానే ఊపిరి బిగబడతా ఉండారు. నొప్పి రాకముందే. ఎప్పుడైనా ఏదన్నా ప్రమాదం జరిగిందా?" అన్నాడు. లేదే అన్నాను. అబద్ధం కాదు, నిజంగానే ఏదీ గుర్తు రాలేదు. ఇంటికొచ్చి స్కూటీకి స్టాండు వేస్తుంటే గుర్తొచ్చింది. గోడ మీద, నా నడుం కంటే పైన, వరద నీళ్లు నిలిచిన గీత ఇంకా కనబడుతూనే ఉంది. రోజూ దాని పక్కనే బండి పెట్టేదాన్ని.

2021 నవంబరు 18. మా ఇల్లు తిరుచానూరు దాటాక స్వర్ణముఖి వైపు ఉంటుంది. నేను కాపురానికొచ్చినప్పటి నుంచీ ఆ ఏట్లో ఇసుకే ఎక్కువ చూశాను. ఆ రోజు పొద్దున కపిలతీర్థంలో జలపాతం ఎట్లా దూకుతోందో అందరం ఫోన్లలో వీడియోలు పంపుకున్నాం, ఏదో తిరునాళ్ల మాదిరి. సాయంత్రానికి కల్యాణి డ్యాం నుంచి నీళ్లు వదిలారని తెలిసింది. మా ఆయన రేణిగుంటలో డ్యూటీకి పోయి రోడ్లు మునగడంతో అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో నేను, పక్షవాతంతో ఒక పక్క పడిపోయిన మా అత్త.

నీళ్లు గడప దాటింది రాత్రి రెండు గంటలప్పుడు. పావుగంటలో మంచం మునిగింది. మా అత్తని వంటగట్టు మీదికి ఎట్లా ఎక్కించానో ఇప్పటికీ నాకు తెలీదు. ఎడమచేత్తో ఆమె నడుం చుట్టి, కుడిచేత్తో వంటింటి కిటికీ కమ్మి పట్టుకుని నిలబడ్డాను. తెల్లవారి ఐదున్నరకి వీధిలో పిల్లోళ్లు లారీ ట్యూబులు వేసుకుని వచ్చేదాకా అట్లాగే ఉన్నాను. వాళ్లు వచ్చాక నా వేళ్లు కమ్మి మీద నుంచి రాకపోతే ఒక్కొక్కటే విప్పారంట. అది నాకు జ్ఞాపకం లేదు, వాళ్లు చెబితేనే తెలిసింది.

ఈ కథ నేను వందసార్లు చెప్పుంటాను. గ్యాస్ సిలిండరు తేలుతూ వచ్చి గోడకి ఠంగుఠంగుమని కొట్టుకున్నదీ, మా అత్త ఆ నీళ్లలో కూడా "నా వక్కాకు సంచి ఎక్కడే" అని అడిగిందీ చెప్పి నవ్వించేదాన్ని. అత్తని కాపాడిన కోడలని బంధువుల్లో పేరొచ్చింది. చెప్పి చెప్పి అరిగిపోయిన కథ ఇంకా నన్ను బాధపెడుతుందని ఎట్లా అనుకుంటాను?

మా అత్త మాత్రం మొదటి వారంలోనే తేల్చేసింది. "జడుసుకున్యావు మే నువ్వు" అని మనిషిని పంపించి తాయెత్తు తెప్పించి, కుడి జబ్బకే కట్టించింది. రెండు మూడు రోజులు నిద్ర పట్టింది, మళ్లీ మామూలే. దాన్ని నేను ఎగతాళి చెయ్యను. జడుపు మనిషి ఒంట్లో ఉంటుందన్న మాట మన పెద్దవాళ్లు ఎప్పటి నుంచో చెబుతున్నదే. ప్రమాదం తరువాత వదలకుండా ఉండిపోయే ఈ జడుపుకి వైద్యపుస్తకాల్లో పీటీఎస్‌డీ అన్న పేరు ఎక్కింది 1980లో.

2023 మొదట్లో ఒక తెలిసినామె ట్రామా రిలీజ్ వర్క్‌షాప్ అని ఒక ఫంక్షన్ హాలుకి తీసుకెళ్లింది. ఒక ఆదివారానికి 2,500 రూపాయలు. నలభై మందిమి ఉంటాం. పెద్ద చప్పుడుతో డప్పుల మ్యూజిక్ పెట్టి, కళ్లు మూసుకుని ఒళ్లంతా వణికించండి, లోపలున్నదంతా బయటికి పోనివ్వండి అన్నారు. అడవిలో జింకలు పులి బారి నుంచి తప్పించుకున్నాక వణికి మామూలైపోతాయని ఏదో చెప్పారు. చుట్టూ ఏడుపులు, కేకలు. నా వణుకు మొదలైంది గానీ ఆగలేదు. మ్యూజిక్ ఆపినా ఆగలేదు. "మంచిదే, బయటికి పోతా ఉంది" అని ఒక అమ్మాయి నా వీపు తట్టి భోజనాల దగ్గరికి వెళ్లిపోయింది. ఆ తరువాత వారం రోజులు నిద్ర లేదు. మా అత్తకి స్నానం చేయించడానికి బకెట్టులో నీళ్లు పడుతుంటే చెంబు విసిరికొట్టి వాకిట్లోకి పరిగెత్తాను. ఇప్పుడు తెలిసింది చెబుతున్నాను: జడుపు మీద పనిచేసేవాళ్లు ముందు మన గురించి ఏమీ అడక్కుండా, ఒకేసారి నలభై మందిని పెట్టుకుని మొదలుపెడితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. డబ్బు పోతే పోయింది.

ఆ వారంలోనే ఒక రాత్రి 14416కి ఫోన్ చేశాను. టెలి మానస్ అని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు, తెలుగులో మాట్లాడతారు. అవతలి ఆమె ముందు నన్ను లైటు వేసి రెండు పాదాలూ నేల మీద ఆనించి కూర్చోమంది. ఆ తరువాత, మీకు మానసిక డాక్టరు గానీ క్లినికల్ సైకాలజిస్టు గానీ కావాలమ్మా అంది. సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయినవాళ్లేనా అని అడిగి చూసుకోవాలని కూడా నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. ఫంక్షన్ హాలు దెబ్బ తిన్నాక ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి నేనేమీ మొహమాటపడలేదు.

ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు ఒక మేడ మీద చిన్న గది. అక్కడి సైకాలజిస్టు మేడమ్ నాకంటే చిన్నది, నన్ను "అమ్మా" అనేది. గంటన్నరకి 1,500 రూపాయలు. నాకది ఒక బ్లౌజు కూలి. మొదటి రోజు నా కథ మొదలుపెట్టాను, సిలిండరుతో సహా. మధ్యలోనే ఆపింది. "మీరు నవ్వుతూ చెబుతా ఉండారమ్మా, మీ కుడిచెయ్యి ఏం చేస్తా ఉందో చూడండి" అంది. కుర్చీ చెయ్యిని పట్టుకుని ఉంది. వేళ్ల కణుపులు తెల్లబడి ఉన్నాయి.

ఆ తరువాత నెలన్నర వరద మాటే ఎత్తనివ్వలేదు. డబ్బులు దండగ అనిపించింది. ఊపిరి మీద ధ్యాస పెట్టండి అంటే నాకు ఊపిరే ఆడలేదు, ఆ రాత్రంతా నేను చేసింది అదే కాబట్టేమో. ఆమె వెంటనే అది వదిలేసి, గదిలో పచ్చరంగు వస్తువులు ఎన్నున్నాయో చూడమంది. ఆ తరువాత, ఒంట్లో ఎక్కడ బాగుంది అని అడిగింది. ఎక్కడ నొప్పి అని అడిగే డాక్టర్లనే చూసిన నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. తల నుంచి కాలి దాకా వెతుక్కుంటే, ఎడమ చెవి తమ్మె ఒక్కటే ఏ గోలా లేకుండా ఉంది. సిగ్గుపడుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు. "సరే, అక్కడే ఉందాం" అంది. చెవి తమ్మె దగ్గర కాసేపు, భుజం దగ్గర పది సెకన్లు, మళ్లీ చెవి తమ్మె. ఊయల మాదిరి. వారం వారం భుజం దగ్గర ఉండే సమయం కొంచెం పెంచింది.

ఇది సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ అనే పద్ధతిలోదని అడిగితే చెప్పింది. పీటర్ లెవీన్ అనే అమెరికా ఆయన తయారుచేశాడంట. ఫంక్షన్ హాలులో విన్న జింకల మాట కూడా ఈయన చెప్పిందే. కానీ ఆయన పద్ధతిలో అసలు కీలకం చిటికెడు చిటికెడుగా తీసుకోవడం. హాలు వాళ్లు జింకని పట్టుకుని చిటికెని వదిలేశారు. దీని మీద పరిశోధనలు ఇంకా తక్కువేనని, అందుకే దీన్ని ముందు గట్టు వేసుకోవడానికి మాత్రం వాడుకుంటానని ఆమే చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పిందనే నాకు ఆమె మీద గురి కుదిరింది.

ఆమె అసలు చేయాలనుకున్నది ఈఎండీఆర్. పూర్తి పేరు ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్. 1987లో ఫ్రాన్సిన్ షాపిరో అనే అమెరికన్ పార్కులో నడుస్తూ ఉంటే, కళ్లు అటూ ఇటూ కదిలినప్పుడు తన మనసులో బాధపెట్టే ఆలోచనల పదును తగ్గిందని గమనించిందంట. 1989లో దాని మీద మొదటి పరిశోధన అచ్చయింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పీటీఎస్‌డీకి సిఫార్సు చేసిన చికిత్సల్లో ఇదీ ఉంది. నేను విన్న వెంటనే అడిగిన మాట, మీకూ వచ్చే మాటే: కళ్లు తిప్పితే జడుపు పోతుందా? కళ్ల కదలిక వల్లే పనిచేస్తుందా, లేక ఆ జ్ఞాపకాన్ని భద్రంగా ఒక మనిషి ముందు మళ్లీ చూసుకోవడం వల్లా అని శాస్త్రవేత్తల్లోనే వాదన ఉందంది. ఎక్కువమంది చెప్పే వివరణ ఒకటి నాకు బాగా తలకెక్కింది. మనసుకి ఒకేసారి మోయగలిగే బరువు కొంతే ఉంటుంది. ఒక పక్క ఆ రాత్రిని తలుచుకుంటూ ఇంకో పక్క కదిలే వేలిని చూస్తుంటే, రెండూ పూర్తిగా పట్టవు. జ్ఞాపకం రంగు వెలుస్తుంది, వెలిసినట్టే మళ్లీ లోపలికి పోయి కూర్చుంటుంది. కొత్త జరీ మీద పని చెయ్యడానికీ రెండు ఉతుకులు పడిన జరీ మీద చెయ్యడానికీ తేడా నాకు తెలుసు.

మొదలుపెట్టే ముందు మనసు కుదుటపడే చోటు ఒకటి అనుకోమంది. కపిలతీర్థం అనుకున్నాను, నీళ్లు. పద్మావతమ్మ కోనేరు, నీళ్లు. మద్రాసు బీచి, చెప్పక్కర్లేదు. సంతోషంగా గడిపిన చోట్లన్నీ నీళ్ల పక్కనే అని తెలిసి ఏడుపొచ్చింది. చివరికి చిత్తూరు దగ్గర మా అమ్మమ్మ వాళ్ల తోతాపురి తోపు దొరికింది. మే నెల మధ్యాహ్నం, కాళ్ల కింద ఎండాకులు కరకరమంటూ, ఎక్కడా తడి అన్నది లేకుండా.

ఆమె వేలిని చూస్తే నాకు కళ్లు తిరిగాయి. మగ్గం పనితో నా కళ్లు ఎప్పుడో దెబ్బతిన్నాయి. అందుకని రెండు చేతుల్లో రెండు చిన్న బిళ్లలు పెట్టింది. కుడిచేతిలోది ఒకసారి, ఎడమచేతిలోది ఒకసారి గుర్రుమంటాయి. అదీ చెల్లుతుందంట. ఆ రాత్రిలో అన్నిటికంటే చెడ్డ క్షణం ఏదమ్మా, సున్నా నుంచి పది వరకు ఎంత అని అడిగింది. నీళ్లు పొట్ట దాటినప్పుడు అన్నాను, ఏడు అన్నాను. బిళ్లలు ఒక అరనిమిషం గుర్రుమంటాయి, ఆగుతాయి. "ఇప్పుడేమొస్తా ఉంది?" అంటుంది. చెబితే, "దాంతోనే ఉండండి" అంటుంది. అంతే. మంచీ చెడూ ఒక్క మాట లేదు. ఇందుకా 1,500 అనిపించింది. నాలుగో విడతో ఐదో విడతో సిలిండరు చప్పుడు వచ్చింది. ఆ తరువాత దూడ అరుపు వచ్చింది.

ఇన్నేళ్లలో ఆ దూడ మాట నేను ఒక్కరికీ చెప్పలేదు. మా వంటింటి కిటికీ వెనకే పాలాయన కొట్టం. ఆయన ఆ రాత్రి చంద్రగిరిలో చుట్టాలింట్లో చిక్కుకుపోయాడు. ఆయన భార్య రెండు ఎనుముల్నీ విప్పి తోలుకుని మిట్ట మీదికి పోయింది. దూడ మెడకున్న పగ్గం తడిసి ముడి రాలేదు. అది అరుస్తూనే ఉంది. కిటికీ నుంచి పది అడుగులు ఉంటుందేమో. మా వంటింట్లో కత్తి ఉంది. నాలుగు గంటలకి అరుపు ఆగిపోయింది.

ఊళ్లో ఇళ్లు ఏట్లో పడిపోయాయి, మనుషులు పోయారు. ఎనుము దూడ గురించి ఏడిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? నేను కూడా ఏమీ అనుకోలేదు. మేడమ్ మళ్లీ అంకె అడిగింది. పది అన్నాను. ఆ క్షణంలో మీ గురించి మీకు ఏమనిపిస్తా ఉంది అంది. "విని ఊరుకున్నాను" అన్నాను.

ఆ రోజు అక్కడే ఆపి, మామిడి తోపులోకి తీసుకొచ్చి కూర్చోబెట్టి, నా పాదాల కింద నేల నాకు తెలిసేదాకా పంపలేదు. రెండు మూడు రోజులు కలలు రావచ్చని ముందే చెప్పింది. వచ్చాయి. మా ఆయన భయపడి మానేద్దామన్నాడు. ఆయన పినతల్లి కొడుకు ఒకడు అమెరికాలో ఏదో మాత్రతో ఇవన్నీ ఒక్క దెబ్బకి పోతున్నాయని వీడియో పంపించాడు. ఎండీఎంఏ అనే మత్తుమందు అది. మన దేశంలో అది దగ్గరుంటేనే కేసు. అమెరికాలో కూడా 2024 ఆగస్టులో దానికి అనుమతి ఇవ్వలేదు. ఆ పిల్లోడు ఇప్పుడు వేరే వీడియోలు పంపుతున్నాడు.

మూడో వారం. మళ్లీ అదే కిటికీ, అదే అరుపు, బిళ్లల గుర్రు. దూడ వైపు పోవాలని కుడిచెయ్యి లాగుతున్నట్టు అనిపించింది. "పోనివ్వండి, మెల్లిగా" అంది మేడమ్. నా చెయ్యి కుర్చీ మీద నుంచి లేచి ముందుకు చాచుకుంది. భుజంలో నొప్పి ఉంది, అయినా చాచుకుంది. చాచిన చేతిని చూస్తూ ఎడమచేతిలో మా అత్త నడుం బరువు గుర్తొచ్చింది. కమ్మి వదిలితే మేమిద్దరం పోతాం. నడుం వదిలితే ఆమె పోతుంది. ఎవరూ అడక్కుండానే నా నోటి నుంచి వచ్చింది: "నా రెండు చేతులూ ఖాళీ లేవు." చాలాసేపు ఏడ్చాను. గొంతులో నుంచి వచ్చిన ఏడుపు కాదది, ఎక్కడో పక్కటెముకల కింద నుంచి. తరువాత అంకె మూడు. ఇంకో రెండు వారాలకి ఒకటి. సున్నా రాలేదు. ఆమె కూడా పట్టుబట్టలేదు.

భుజం గురించి నిజాయితీగా చెప్పాలి. ఆ కార్తీకానికి నా చెయ్యి జడ వేసుకునేంత లేచింది. అయితే ఫ్రోజెన్ షోల్డర్ ఒకటి నుంచి మూడేళ్లలో చాలామందికి దానంతటదే వదులవుతుంది. నేను ఫిజియోథెరపీ ఎక్సర్‌సైజులు కూడా ఆపలేదు. ఆ అబ్బాయి క్రెడిట్ అంతా తనదే అంటాడు. మా అత్త తాయెత్తుదే అంటుంది. నాకు గట్టిగా తెలిసింది ఇంతే: చెయ్యి పట్టుకోగానే ఇప్పుడు ఊపిరి బిగబట్టను. ట్యాంకు పొర్లితే లేచి మోటారు ఆపుతాను, తిట్టుకుంటూ.

ఒక పొద్దున పాలు పోయించుకుంటూ పాలాయనతో ఆ మాట అనేశాను. "అన్నా, ఆ రాత్రి నీ దూడ అరుస్తా ఉంటే నేను వింటానే ఉన్నాను." ఆయన లీటరు కొలత పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. "ముందురోజు రోడ్డు మీదికి పోయిందని నేనే బిగించి కట్టినా కదమ్మా" అన్నాడు. ఇంకేమీ మాట్లాడలేదు. అర లీటరు ఎక్కువ పోసి, డబ్బులు కూడా అడక్కుండా సైకిలెక్కి పోయాడు.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను. రెండు రోజులుగా వాన. రాత్రి కరెంటు పోయింది, రెండు గంటలకి మెలకువ వచ్చింది. గుండె దడదడమంటోంది. పాదాలు నేల మీద పెట్టాను, పొడిగా ఉంది. బియ్యం మూట వంటగట్టు మీదికి ఎక్కించాను, మందుల కవరు, ఆధార్ కార్డులు ఒక సంచిలో వేశాను. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు, ఆయన్ని లేపాను. ఇంతలో వెనక నుంచి దూడ అరిచింది, కొత్త దూడ. కిటికీ కమ్మి పట్టుకుని టార్చి వేశాను. పాలాయన గోనెపట్ట కప్పుకుని అప్పటికే కొట్టంలో ఉన్నాడు. పగ్గం జారుముడి, ఒక్క లాగుకి వచ్చేసింది. "అమ్మా, తలుపు తియ్యి, మీ వరండా ఎత్తు గదా" అని అరిచాడు.

తీశాను. దూడ మూడు మెట్లూ ఎక్కి వచ్చి వరండాలో నిలబడి ఒళ్లు విదిలించి అందరినీ తడిపింది. ఆ తరువాత చెయ్యాల్సిన పని కూడా చేసింది. లోపల మంచం మీద నుంచి మా అత్త గొంతు:

"ఏం మే, ఆ వాసనేంది? పొద్దున్నే ఆ పేడ ఎవురు ఎత్తేది?"